మైసమ్మ పిడికెడు

బియ్యం కడిగే ముందు నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. గిన్నెలో పోసిన బియ్యంలోంచి పిడికెడు తీసి, గ్యాసు పొయ్యి పక్కనున్న రేకు డబ్బాలో వేసి, ఆ తర్వాతే నల్లా తిప్పుతాను. మా కోడలు కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి అడిగింది, "అత్తమ్మా, గిన్నెల పోసి మల్ల తీసుడెందుకు? మొదలే తక్కువ పోస్తే అయిపాయె గదా" అని. అలవాటమ్మా అన్నాను. పూర్తిగా చెప్పాలంటే చాలా చెప్పాలి, అంత ఓపిక అప్పుడూ లేదు.

మొన్న సమితి అధ్యక్షుడు ఫోన్ చేశాడు. అధ్యక్షుడంటే పరాయివాడేం కాదు. మా పక్క క్వార్టర్‌లో పుట్టి, ముక్కు కారుతూ మా గడప మీద కూర్చుని మా అవ్వ, అంటే మా అమ్మ, చేతి ముద్దలు తిన్నవాడే. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. సమితి అంటే మా ఊరి పెద్దాసుపత్రిలో రోగుల వెంట వచ్చిన వాళ్లకు రోజూ మధ్యాహ్నం అన్నం పెట్టే సంస్థ. మా మైసమ్మ దేవత పేరు మీద నడుస్తుంది.

"అక్కా, శనివారం కొత్త వంటశాల ఓపెనింగ్. నువ్వు రావాలె. కారు పంపుత."

"మోకాళ్లు బాగలేవురా నాకు."

"కుర్చీల కూసో, లేవకు. మైకుల రెండు ముచ్చట్లు చెప్తే సాలు." అసలు మాట ఆ తర్వాతే వచ్చింది. "ఇగ పిడికెడు బియ్యం బంద్ చేస్తున్నం అక్కా. గేటు కాడి డ్రమ్ము తీసేస్తున్నం. ఆ మాట నువ్వే చెప్పాలె. మీ అవ్వ మొదలుపెట్టింది గదా, నువ్వు బంద్ అంటే ఎవ్వరు ఏమనరు."

అతని మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కొత్త వంటశాలలో ఆవిరితో వండే పెద్ద పెద్ద యంత్రాలు పెట్టారు. వాటికి ఒకే రకం బియ్యం కావాలి. డ్రమ్ములో పడే బియ్యం పదిళ్లవి, పది రకాలవి, పురుగులు, రాళ్లు. ఏరడానికి మనుషులు దొరకడం లేదు. పైగా తనిఖీ వాళ్లొస్తే ఒప్పుకోరట. ఇవ్వాలనుకున్న వాళ్లు గోడ మీద అంటించిన గళ్ల బొమ్మకు ఫోను చూపిస్తే చాలట. దుబాయిలో ఉన్న మన పిల్లలు అక్కడి నుంచే పంపుతున్నారట. సరే చూద్దాంలే అన్నాను. ఫోను పెట్టేశాక డబ్బా మూత తీసి చూస్తే సగం వరకూ బియ్యం ఉంది. దాన్ని ఏం చేయాలో తోచక మూత పెట్టేశాను.

నా చిన్నప్పుడు ఈ ఊరికి రెండు గడియారాలు ఉండేవి. ఒకటి సైరన్, రెండోది పొగ. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయి కాడ షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ కూసేది. కూతను బట్టి ఆడవాళ్లు పొయ్యి రాజేసేవాళ్లు, పిల్లలు బడికి పరుగెత్తేవాళ్లు. కంపెనీ క్వార్టర్లన్నీ ఒక్కటే అచ్చు. ముందు అర్ర, వెనుక అర్ర, దాని వెనుక చిన్న వాకిలి. పండుగనాడు తాగొచ్చిన మగవాళ్లు పక్కింటి తలుపు కొట్టడం ప్రతి ఏడూ జరిగేది. దాని మీద నవ్వులు మళ్లీ పండుగ దాకా సరిపోయేవి.

కంపెనీ బొగ్గు ఊరికే ఇచ్చేది కాబట్టి ఇంటింటికీ పాత ఇనుప బకెట్‌లో మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యి ఉండేది. సాయంత్రం దాన్ని రాజేసి వాకిట్లో పెట్టేవాళ్లు. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడేదాకా లోపలికి తెచ్చేవాళ్లు కాదు. అన్ని పొయ్యిలూ ఒకేసారి పొగ వదిలితే ఎదుటి వరుస కనిపించేది కాదు. మా తమ్ముడు, నేను ఆ పొగలో దొంగాట ఆడేవాళ్లం. ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. ఆ వాసన ఇప్పుడెక్కడా లేదు. దగ్గు తెప్పించే ఆ పాడు వాసన కోసం ఈ వయసులో మనసు పీకుతుందంటే నాకే నవ్వొస్తుంది.

మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, షిఫ్టు దిగి వస్తే కళ్లు, పళ్లు తప్ప ఏమీ తెలిసేవి కాదు. మా తమ్ముడు పసివాడుగా ఉన్నప్పుడు స్నానం చేసిన బాపును చూసి ఎవరో అనుకుని ఏడ్చేవాడట. బాపు డబ్బాలో ఒక్క ముద్ద మిగిల్చుకుని తెచ్చేవాడు. బాయి లోపలికి వెళ్లి వచ్చిన ఆ ముద్దకు వేరే రుచి ఉంటుందని మా నమ్మకం. అది రుచి కాదు, బొగ్గుపొడి అని అవ్వ అనేది. అయినా కొట్టుకుని తినేవాళ్లం.

మా అవ్వది హుజూరాబాద్ దగ్గరి పల్లె. పొలంలో పెరిగిన మనిషి. మొగుడు భూమి మీద కాకుండా భూమి కింద పనిచేస్తాడన్నది ఆమెకు కడదాకా మింగుడుపడలేదు. కాపురానికి తెచ్చిన మొదటి రోజే బాపు ఆమెను బాయి మోఖం దగ్గరికి, అంటే గని లోపలికి దిగే చోటుకి, తీసుకెళ్లి మైసమ్మను చూపించాడట. పసుపు పూసిన రాయి, వెండి కళ్లు, మీద చిన్న రేకు కప్పు. దిగే ప్రతి మనిషీ ఆ గడప తాకి కళ్లకద్దుకునే దిగుతాడు. ఏ కులమైనా, ఏ దేవుడిని మొక్కేవాడైనా సరే. "అందరిని దించేది, ఎక్కించేది గామెనే" అన్నాడట బాపు. ధైర్యం చెప్పాననుకున్నాడు. అవ్వకు మాత్రం భయం పట్టుకుంది.

ఆ భయంతోనే మొదలైంది ఈ పిడికెడు. పూటపూటకీ బియ్యం కడిగే ముందు గుప్పెడు తీసి డబ్బాలో వేసేది. "గిది మైసమ్మది" అనేది పైకి. మనసులో ఏమనుకునేదో మాకు తెలుసు. మనిషి మళ్లీ పైకి రావాలి. అమావాస్య నాటికి డబ్బా నిండేది. ఆ బియ్యంతో బోనం వండి మైసమ్మకు పెట్టి వచ్చేది. తీసే పిడికిలి మూసే ఉండాలి, డబ్బా లోపలికి పెట్టాకే విప్పాలి అని ఆమె నియమం. దేవతకు ఇచ్చేది ఎంతో ఎవరి కంటా పడకూడదట, చివరికి మన కంటా పడకూడదట.

ఒక చలికాలం, అన్నం పొయ్యి మీదుండగా సైరన్ కూసింది. అది కూసే వేళ కాదు.

వేళ కాని వేళ సైరన్ కూస్తే ఏమిటో మా కాలనీలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. వరుస వరుసంతా తలుపులు తెరిచే వదిలేసి, చెప్పులు లేకుండా పరుగెత్తారు. అవ్వ చేతికి పిండి అంటుకుని ఉంది. నేను తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆమె వెంట పరుగెత్తాను. బాయి మోఖం దగ్గర ఆడవాళ్లంతా మైసమ్మ చుట్టూ నిలబడ్డారు, ఒక్కరూ ఏడవడం లేదు. పైకి వచ్చే ప్రతి నల్లటి మొహంలోనూ తమ మనిషిని వెతుక్కుంటున్నారు. బాపు వచ్చాడు. అవ్వను చూశాడు. "పొయ్యి మీద అన్నమున్నదా? మాడుతది పోవే" అన్నాడు. అప్పుడు ఏడ్చింది అవ్వ. అన్నం నిజంగానే మాడింది. ఆ మాడు అన్నమే మజ్జిగ పోసుకుని తిన్నాం. అంత కమ్మటి అన్నం నేను మళ్లీ తినలేదు.

లోపల పైకప్పు కూలి ఒక పిల్లాడి కాళ్లు నలిగిపోయాయి. బదిలీ కార్మికుడు, అంటే రోజుకో చోట ఎవరి బదులో పనిచేసేవాడు. బాపు పక్కనే పనిచేస్తున్నాడు. ఆసిఫాబాద్ అవతల అడవిలోని గూడెం నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు. అవ్వ మర్నాడు ఆసుపత్రికి వెళ్లింది, నన్ను తోడు తీసుకుని. పిల్లాడికి మత్తు మందిచ్చి పడుకోబెట్టారు. బయట గోడవార అతని భార్య కూర్చుని ఉంది. నాకంటే కొంచెమే పెద్దదిలా అనిపించింది. రోగికి ఆసుపత్రి వాళ్లు పాలు, రొట్టె ఇస్తారు. రోగి వెంట వచ్చిన మనిషికి ఎవరిస్తారు? నల్లా నీళ్లు తాగుతూ కూర్చుంది.

అవ్వ తను తెచ్చిన అన్నం డబ్బా ముందు పెట్టింది. ఆ పిల్ల చూడలేదు.

"తిను బిడ్డా. నిన్నటి సంది ఏం తిననట్టున్నవ్."

"వద్దక్కా." తెలుగు కూడబలుక్కుంటూ మాట్లాడింది. "అడుక్కుని తినం మేము."

"అడుక్కునుడేమున్నది, నేనే తెచ్చిన గదా?"

"వద్దు."

అవ్వ డబ్బా అలాగే తిరిగి తెచ్చింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి మైసమ్మ డబ్బా మూత తీసి ఉంది. అవ్వ అందులోని బియ్యం పొయ్యి మీద పెడుతోంది. అమావాస్య ఇంకా రాలేదు. పక్కింటి చిన్నమ్మ, ఇప్పటి అధ్యక్షుడి తల్లి, నిప్పు కోసం వచ్చి చూసి గుండె బాదుకుంది.

"ఏందే గిది? మైసమ్మ బియ్యం వండుతున్నవా? ముడుపు కట్టింది ఎవలకోసమో యాదికున్నదా? నీ పెనిమిటి పొద్దుగాల్నే బాయిల దిగిండు!"

"నా అన్నమైతే ఆ పిల్ల తినదట. అమ్మవారి ప్రసాదమైతే వద్దనదు" అంది అవ్వ. గొంతు గట్టిగానే ఉంది, కానీ గిన్నె మీద మూత పెట్టి బాయి వైపు తిరిగి దండం పెట్టుకుంది. నేను చూశాను.

ఆసుపత్రిలో అదే మాట చెప్పింది. "గిది నాది కాదు బిడ్డా. బాయి మీది మైసమ్మది. నీ పెనిమిటి గడప మొక్కి దిగిండు గదా, గామె పంపింది." ఆ పిల్ల చాలాసేపు ఆలోచించింది. తర్వాత కొంగు ముడి విప్పింది. ఊరి నుంచి తెచ్చుకున్న జొన్నలు కొన్ని ఉన్నాయి అందులో. పచ్చి జొన్నలు వండుకునే దిక్కులేక అలాగే మూట కట్టుకుని కూర్చుంది. "మా ఊళ్లె దేవునికాడ తినేటోళ్లు అందరు గింజ తెస్తరు. తేకుంట తినరు" అంది. పిడికెడు జొన్నలు తీసి, పిడికిలి మూసి, అమ్మవారిదని చూపడానికి అవ్వ వెంట తెచ్చిన మైసమ్మ ఖాళీ డబ్బాలో పెట్టి విప్పింది. ఎవరు నేర్పారో ఆమెకు. ఆ తర్వాత అన్నం ముందు కూర్చుని తింది. ఉల్లిగడ్డ కారం, చింతపండు పచ్చిపులుసు. గిన్నె వేళ్లతో తుడుచుకుని తింది.

ఇంటికొచ్చాక అసలు పరీక్ష మొదలైంది. దేవత సొమ్ము తీసి మనిషికి పెట్టింది. మొగుడు భూమి కింద ఉన్నాడు. అవ్వ గడప మీద కూర్చుంది. చిన్నమ్మ తన గడప మీద కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నాకు ఆకలి, అడగడానికి భయం. తమ్ముడు సందు చూసుకుని పుట్నాల డబ్బా ఖాళీ చేశాడు, పట్టించుకునేవారు లేరు. సైరన్ సరిగ్గా వేళకే కూసింది. మగవాళ్లు గుంపులుగా వస్తున్నారు. బాపు వాళ్లలో లేడు. వరుసంతా ఇళ్లు చేరింది, బాపు రాలేదు. అవ్వ లేచి నిలబడింది. అప్పుడు మలుపులో కనిపించాడు, బీడీ కాలుస్తూ, ఎవరితోనో నవ్వుకుంటూ తాపీగా. చాయ్ తాగడానికి ఆగాడట. ఆ రోజు అవ్వ బాపును తిట్టిన తిట్లు కాలనీ అంతా విన్నది. "ఏమైందే దీనికి?" అని బాపు నన్నడిగాడు.

మర్నాడు పొద్దున్నే చిన్నమ్మ పిడికిలి మూసుకుని వచ్చింది. "నాది గూడ ఎయ్యి. మా ఆయన గూడ దిగుతుండు గదా" అంది. మైసమ్మ ఒప్పుకుందన్న సంగతి అలా ఖాయమైంది. వారం తిరిగేసరికి వరుసలో ప్రతి ఇల్లూ పిడికెడు తీస్తోంది. చివరి క్వార్టర్‌లో ఉండే సాయిబుల ఇంటి చాచీ ఒకరోజు తలుపు దగ్గర నిలబడి మొహమాటంగా అడిగింది, "అక్కా, మీ మైసమ్మకు మా పిడికెడు పనికొస్తదా?" అని. "ఏం, మీ ఆయన వేరే బాయిల దిగుతుండా?" అంది అవ్వ. చాచీ నవ్వి, ఆ రోజు నుంచి బియ్యంతో పాటు ఎండుమిరపకాయలు కూడా పంపేది.

శనివారం శనివారం ఇంటింటికీ తిరిగి బియ్యం తెచ్చే పని నాది, తమ్ముడిది. "మైసమ్మ పిడికెడూ..." అని రాగం తీస్తే తలుపులు తెరుచుకునేవి. మా తమ్ముడు సగం దారిలోనే పచ్చి బియ్యం బుక్కేవాడు. దేవత సొమ్ము తింటే కడుపులో మొలకలొస్తాయని బెదిరించాను. రెండు రోజులు కడుపు తడుముకుంటూ తిరిగి, మొలకలేమీ రాకపోయేసరికి మళ్లీ మొదలుపెట్టాడు.

అందరి బియ్యం కలిపి మొదటిసారి పెద్ద గుండిగలో వండిన రోజు చూడాలి మా కాలనీ ఆడవాళ్ల మొహాలు. ఒకరిది సన్నబియ్యం, ఒకరిది దొడ్డుబియ్యం, ఒకరిది రేషన్‌ది, బీహారు వాళ్ల ఇంటి నుంచి ఉప్పుడు బియ్యం. కొత్తవీ పాతవీ అన్నీ ఒక్కటిగా పోసి ఎసట్లో వేశారు. సగం గుజ్జయింది, సగం రాళ్లలా ఉంది. ఇంకాస్త ఉడికిద్దామంటే అడుగు మాడింది. ఇక మొదలైంది. నీ దొడ్డుబియ్యం వల్లేనంటే, నీ కొత్తబియ్యం వల్లేనని. పుట్టిళ్ల దాకా పోయింది మాట. అవ్వ తల పట్టుకుని కూలబడింది.

అడవి పిల్ల, మేం ఆమెను అలాగే అనేవాళ్లం, గుండిగలోకి తొంగి చూసి ముసిముసిగా నవ్వింది. చాలా రోజులకు ఆమె నవ్వడం అదే. "మా దగ్గర గిట్ల అన్ని కలిస్తె వండరక్కా. ఇసురుతరు" అంది. మర్నాటి నుంచి మా వాకిట్లో ఇసుర్రాయి దిగింది. ఏ రకం బియ్యమైనా, జొన్నలైనా అన్నీ కలిపి రవ్వ విసిరి గటక, అంటే సంకటి లాంటిది, వండేవాళ్లు. రవ్వయ్యాక ఎవరి బియ్యం ఏదో తెలిసేది కాదు, తగువూ లేదు. వేడి గటకలో పచ్చిపులుసు పోసుకుంటే పక్కన ఏమీ అక్కర్లేదు. ఆసుపత్రి గోడవార కూర్చునే వాళ్లంతా మధ్యాహ్నం అయ్యేసరికి అవ్వ కోసం దారి చూసేవాళ్లు. తిన్నవాళ్లు వెళ్లిపోయే ముందు, ఉంటే పిడికెడు గింజలు డబ్బాలో వేసేవాళ్లు. అడవి పిల్ల పెట్టిన పద్ధతి అది. ఇచ్చేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరు అనే మాట అప్పుడు లేదు.

ఆమె మొగుడికి ఒక కాలు తీసేశారు. ఎండలు ముదరక ముందే ఇద్దరూ ఊరికి వెళ్లిపోయారు. బస్సెక్కే ముందు అవ్వ కాళ్లు మొక్కబోతే అవ్వ పట్టుకుని లేపింది. మళ్లీ ఎప్పుడూ కనిపించలేదు.

ఆ మరుసటి ఏడాదో, ఆ తర్వాతో, బాయిలన్నీ బంద్ అయ్యాయి. సమ్మె. జీతాలు లేవు. కిరాణా కొట్టువాడు ఉద్దెర ఆపేశాడు. మా ఇంట్లో ఒక పూట గంజి, మరో పూట ఏమీ లేదు. ఈ వారం ఎవరేమిస్తారు, పోవద్దే అన్నాను అవ్వతో. "పోవాలె. పోకపోతే వాళ్లు ఇయ్యలేరని మనమే చెప్పినట్టయితది" అంది. వెళ్లాం. తలుపులు తెరుచుకున్నాయి. ప్రతి ఇంట్లోంచీ మూసిన పిడికిలి బయటికి వచ్చింది. డబ్బాలో చెయ్యి పెట్టి విప్పారు. గింజలు పడిన చప్పుడు లేదు. చిన్నమ్మ చెయ్యీ అంతే, చాచీ చెయ్యీ అంతే. నేను డబ్బాలోకి చూడబోయాను. చాచీ నా గడ్డం పట్టుకుని మెల్లగా పైకెత్తింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఇంటికొచ్చి చెబితే అవ్వ డబ్బా తీసుకుని మైసమ్మ ముందు పెట్టినంత జాగ్రత్తగా మూలన పెట్టింది. "నిండింది" అంది. ఆ వారం ఆసుపత్రికి మా ఇంటి గంజే పోయింది.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. గోడవార నీడ కోసం రేకులు వేశారు. రేకుల కింద శనివారం భజన మొదలైంది. భజనకు కమిటీ, కమిటీకి రసీదు పుస్తకం. గటక పోయి అన్నం వచ్చింది, అన్నం పక్కకు పప్పు, సాంబారు వచ్చాయి. బాపు రిటైరై, దగ్గి దగ్గి పోయాడు. అవ్వ మంచం మీద కూడా పిడికెడు సంగతే అడిగేది. భూమి కింద బాయిలు ఒక్కొక్కటే మూసేశారు. ఇప్పుడంతా పైనుంచి తవ్వుడే, కొండంత బొగ్గు దుమ్ము. బాయి మోఖం పూడ్చినప్పుడు మైసమ్మను లేపుకొచ్చి సమితి గేటు దగ్గర గుడి కట్టారు. దించేదీ లేదు, ఎక్కించేదీ లేదు. ఆమెకూ విసుగొచ్చి ఉంటుంది అనుకుంటాను ఒక్కోసారి.

శనివారం కారు వచ్చింది. వెళ్లాను. నల్లరాతి అరుగు, గోడ నిండా దాతల పేర్లు. నాకు శాలువా కప్పారు. చెమట పట్టి ఉక్కిరిబిక్కిరయ్యాను. వందల మంది ఆకలి తీరుతోంది ఇక్కడ, మా అవ్వ గిన్నె కాలం కాదిది. అది తెలుసు నాకు. అందుకే ఎవరి మీదా కోపం రావడం లేదు. కోపం వచ్చినా బాగుండేది. అలసటే ఉంది.

మైకు చేతికిచ్చారు. బంద్ అనే ఒక్క మాట చెప్పాలి. అధ్యక్షుడు నా పక్కనే నిలబడి తల ఊపుతున్నాడు, చెప్పు చెప్పు అన్నట్టు.

"అందరు కడుపు నిండ తిని పోండ్రి" అన్నాను. మైకు అతని చేతిలో పెట్టాను. "నా గొంతు పనిచేస్తలేదు బిడ్డా."

ఆ మాట అతనే చెప్పాడు, బాగానే చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఇద్దరు కుర్రాళ్లు వెళ్లి గేటు దగ్గరి డ్రమ్మును దొర్లించుకుంటూ వెనక్కి తీసుకెళ్లారు.

భోజనాలు మొదలయ్యాయి. కారు కోసం గేటు దాకా మెల్లగా నడిచాను. డ్రమ్ము ఉన్న చోట రాతి మీద గుండ్రటి మరక మిగిలింది. ఆ మరక దగ్గర ఒక ఆమె నిలబడి ఉంది. నలిగిన చీర, మణికట్టుకు ఆసుపత్రి చీటీ తాడు. మొహం చూస్తే పిల్లాడెవరో ఆసుపత్రిలో ఉన్నట్టుంది. కుడిచెయ్యి పిడికిలి మూసుకుని ఉంది.

"అవ్వా, ఈడ డ్రమ్ముండె గదా. నిన్న ఒకామె పోసి లోపలికి పోతుంటే చూసిన."

"తీసేసిండ్రు బిడ్డా. ఇగ పోసుడు లేదు. పో, పోయి తిను."

ఆమె కదల్లేదు. బంతి వైపు చూసింది, మళ్లీ మరక వైపు చూసింది. "ఊరికెనే ఎట్ల తినాలె?" అంది.

నేను శాలువా తీసి పక్కన పెట్టాను. చీర కొంగు రెండు చేతులతో పట్టి ఆమె ముందు చాపాను. ఆమె నా మొహంలోకి చూసింది. మూసిన పిడికిలిని కొంగులో పెట్టి విప్పింది.

చప్పుడేమీ కాలేదు. నేను కిందికి చూడలేదు.

కొంగు దగ్గరికి లాక్కుని గట్టిగా ముడి వేశాను. "నిండింది బిడ్డా" అన్నాను. ఆమె లోపలికి వెళ్లి, బంతిలో ఖాళీ చూసుకుని కూర్చుంది. విస్తరి ముందుకు జరుపుకుంది. ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా నిలబడి, ఆ తర్వాత కారెక్కాను.

ఇంటికొచ్చి చీర మార్చుకున్నాను. కోడలు ఉతకడానికి తీయబోతే వద్దన్నాను. ఆ ముడి ఇంకా అలాగే ఉంది.